పానగల్లు దారిలో బైండింగ్ వైరు

చౌటుప్పల్ దాటి చిట్యాల దాకా మా పాత మారుతి 800 బాగానే వచ్చింది. చాయ్‌కి ఆగినప్పుడు మా బామ్మర్ది ఆయిల్ చూద్దామని బానెట్ ఎత్తాడు. మళ్లీ వేస్తే పడలేదు. టప్పుమని చప్పుడైతే వస్తోంది గానీ, వేళ్లు పెట్టి లేపితే రెండంగుళాలు పైకొస్తోంది. "గట్టిగా కొడితే పడుతుంది బావా" అని ఇంకా బాదబోయాడు. బానెట్ పడకపోతే బాదడం మనవాళ్ల మొదటి వైద్యం. రేకు సొట్టపోతుంది తప్ప లాక్ బాగుపడదు.

ఈ బానెట్‌కి పట్లు రెండు. స్టీరింగ్ వైపు లివర్ లాగితే విడిపోయేది అసలు లాక్. రెండోది ముందు నుంచి వేలు పెట్టి తప్పించే కొక్కెం. మొదటిది ఊడితే బానెట్ ఒక్కసారిగా ఎగిరిపోకుండా ఆపడానికే అది ఉంది. దాని భరోసా మీద హైవే మీద పోకూడదు. మారుతి బానెట్‌కి మడతబందులు అద్దం వైపు ఉంటాయి, లేచేది ముందు నుంచి. కింద గాలి దూరి కొక్కెం జారితే నేరుగా వచ్చి అద్దానికి కొట్టుకుంటుంది, దారే కనిపించదు. ఎదురుగా లారీలు వేగంగా వస్తుంటే ఆ గాలి తోపు ఇంకా ఎక్కువ.

పక్కనే హార్డ్‌వేర్ షాపులో స్లాబు కమ్మీలు కట్టే బైండింగ్ వైరు కొన్నాం. సుతిలి తాడైతే రాపిడికి తెగుతుంది. వైరును రెండు పేటలు చేసి, బానెట్ లోపలి వైపు లాక్‌లో దిగే కమ్మీలోంచి దూర్చాం. కొసలు గ్రిల్ సందులోంచి బయటికి తీసి, బానెట్ వేసి, కింద కారును లాగే హుక్కుకు బిగించి మెలిపెట్టాం. నంబరు ప్లేటుకో ప్లాస్టిక్ గ్రిల్‌కో కడితే కట్టినట్టే ఉంటుంది, ఆగదు. వైరు రేడియేటర్ ఫ్యానుకు గానీ బ్యాటరీకి గానీ తగలకుండా చూసుకున్నాం. అంచు దగ్గర పెయింటు గీసుకుపోకుండా పాత ట్యూబు ముక్క పెట్టాడు మా వాడు. నలభై దాటకుండా, నార్కట్‌పల్లిలో నల్లగొండ వైపు తిరిగి, చెరువుగట్టు గుట్టను చూసుకుంటూ పోయాం.

నల్లగొండలో మెకానిక్ అన్నానికి పోయాడు. అందాకా పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసొచ్చాం. కుందూరు చోడ రాజుల కాలం నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి అది. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. మండపం స్తంభాల సందుల్లోంచి వేర్వేరు దిక్కుల వెలుగు వచ్చి కలవడం వల్లే అలా ఉంటుందని చెబుతారు. అది ఏ స్తంభం నీడో కనిపెడతానని మా బామ్మర్ది అన్నిటి వెనకా తిరిగి, చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. దగ్గర్లోని ఉదయ సముద్రం ఇప్పుడు కృష్ణా నీళ్లతో నిండే రిజర్వాయర్. గట్టు మీద గాలి బాగుంది గానీ మా మనసంతా బానెట్ మీదే.

మెకానిక్ వైరు విప్పి, స్క్రూడ్రైవర్‌తో లాక్ నోట్లో ఒత్తి చూశాడు. కమ్మీ దిగినట్టే ఒత్తితే క్లిక్‌మని పట్టుకోవాలి, లివర్ లాగితే వదలాలి. ఇది సగం దాకా పోయి ఆగుతోంది. "కొత్త లాక్ వేసెయ్" అని మా వాడు తొందరపెట్టాడు.

"లాక్ మంచిగనే ఉన్నది సార్. కేబులే వాపస్ వస్తలేదు. కొత్తది ఏశినా గిట్లనే ఐతది" అన్నాడతను.

నిజమే. లివర్ దగ్గర కేబుల్ పోగులు విచ్చుకుని తొడుగులో ఇరుక్కుంటున్నాయి. లివర్ వదిలినా కేబుల్ వెనక్కి రాక, లాక్ సగం తెరుచుకునే ఉంటోంది. దానికి తోడు పాత గ్రీజు, దుమ్ము కలిసి గడ్డకట్టాయి. అతను కిరోసిన్‌తో బ్రష్ పెట్టి కడిగి, కొత్త గ్రీజు రాసి, కేబుల్ మార్చాడు. లాక్ కాస్త పక్కకు జరిగి ఉందని, ముందు బోల్టుల చుట్టూ సుద్దతో గీత గీసి, తర్వాత పానాతో వదులు చేసి సరిచేశాడు. గీత లేకుండా విప్పితే మొదట ఎక్కడుందో తెలియక గంటసేపు తంటాలు పడాలి. అలా గీసేవాళ్లను నమ్మొచ్చు.

అడుగు ఎత్తు నుంచి వదిలితే బానెట్ దాని బరువుకే పడింది. తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కాక ఎనభైలో కూడా వణకలేదు. మా బామ్మర్ది మాత్రం ఎల్బీ నగర్ వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.