యూజర్ మోడ్ లినక్స్: ఖాళీ కాన్ఫిగ్ నుంచి షెల్ ప్రాంప్ట్ దాకా

యూజర్ మోడ్ లినక్స్‌తో చేస్తున్న పని ఒక దారికి వచ్చింది కాబట్టి ఇప్పటిదాకా తేలినవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా: యూఎంఎల్ (యూజర్ మోడ్ లినక్స్) అంటే లినక్స్ కెర్నల్‌నే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయనే, ఒక ప్రోగ్రాంలా కంపైల్ చేసి, మన లినక్స్ మీద మామూలు యూజర్‌గా నడపడం. కేవీఎం (వర్చువల్ మెషీన్లు నడిపే కెర్నల్ సదుపాయం) అక్కర్లేదు, రూట్ (అడ్మిన్) పర్మిషనూ అక్కర్లేదు. జెఫ్ డైక్ 1999లో బయటపెట్టిన ఈ పని 2002లో, 2.5 సిరీస్ నడుస్తుండగా, అసలు కెర్నల్‌లో కలిసింది. సోర్స్‌లో ఆర్క్ ఫోల్డర్ కింద ఎక్స్86, ఆర్మ్‌ల పక్కనే 'యూఎం' అని ఉంటుంది. కెర్నల్ లెక్కలో ఇది కూడా ఒక ఆర్కిటెక్చరే. నిజం హార్డ్‌వేర్ ఉండాల్సిన చోట కింద ఉన్న లినక్స్ సిస్టమ్ కాల్స్ ఉంటాయి.

కెర్నల్‌లో ఏ ఆప్షన్లు ఉండాలో చెప్పే ఫైలే కాన్ఫిగ్. రెడీగా ఉన్న డెఫ్‌కాన్ఫిగ్ తీసుకుంటే పని తొందరగా అయిపోతుంది. అందులో ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్, హోస్ట్‌ఎఫ్ఎస్ (బయటి ఫోల్డర్లని లోపల చూపేది), యూబీడీ డిస్క్ (బయటి ఫైల్‌ని డిస్క్‌గా చూపేది) అన్నీ ముందే ఆన్‌లో ఉంటాయి. కానీ ఏ ఆప్షన్ ఎందుకు కావాలో దానివల్ల తెలియదు. అందుకే టైనీకాన్ఫిగ్‌తో, అంటే దాదాపు అన్నీ ఆపేసిన కాన్ఫిగ్‌తో మొదలుపెట్టి, కెర్నల్ అడిగినవి మాత్రమే ఆన్ చేసుకుంటూ వెళ్లాలని నిర్ణయించుకున్నాను. ఇలా చేయడానికి యూఎంఎల్‌ని మించింది లేదు. నిజం మెషీన్‌లో తప్పు కాన్ఫిగ్ అంటే నల్ల స్క్రీన్, రీబూట్. ఇక్కడ ఒక ప్రాసెస్ చచ్చిపోతుంది, మరుక్షణం మన ప్రాంప్ట్ వస్తుంది, పైన ఎర్రర్ అలాగే ఉంటుంది.

బిల్డ్ ఏర్పాటు

కెర్నల్ 6.12, హోస్ట్ (అంటే కింద ఉన్న అసలు సిస్టమ్) డెబియన్. కావలసిన ప్యాకేజీలు కొన్నే: బిల్డ్-ఎసెన్షియల్, ఫ్లెక్స్, బైసన్, బీసీ, మెనూ కోసం ఎన్‌కర్సెస్ డెవ్ ప్యాకేజీ.

సోర్స్ ఫోల్డర్‌లోనే బిల్డ్ చేయకుండా, మేక్‌కి 'ఓ=' ఇచ్చి వేరే ఫోల్డర్‌లో చేయడం మంచిది. అదే సోర్స్‌తో ఎక్స్86 కెర్నల్ కూడా బిల్డ్ చేసుకోవచ్చు, ఒకదాని ఫైళ్లు ఇంకోదానిలో కలవవు. రెండో సంగతి, ప్రతి మేక్ కమాండ్‌లోనూ 'ఆర్క్=యూఎం' ఉండాలి. ఒక్కసారి అది లేకుండా మెనూకాన్ఫిగ్ నడిపినా, ఉన్న కాన్ఫిగ్ ఫైల్‌ని ఎక్స్86 లెక్కన చదివేసి యూఎంఎల్ ఆప్షన్లన్నీ తీసేస్తుంది. ఈ రెండూ కలిపి షెల్‌లో 'యూమేక్' అని ఒక ఏలియస్ పెట్టుకున్నాను. ఇక యూమేక్ టైనీకాన్ఫిగ్, యూమేక్ మెనూకాన్ఫిగ్, తర్వాత ఉత్త యూమేక్. చివర్లో బిల్డ్ ఫోల్డర్‌లో 'లినక్స్' అనే పేరుతో ఒక ఫైల్ వస్తుంది. అదే కెర్నల్, దాన్నే నడపాలి.

బిల్డ్ కొట్టే ముందు మెనూలో '64-బిట్ కెర్నల్' ఒకసారి చూసుకోండి. టైనీకాన్ఫిగ్ దాన్నీ ఆపేస్తుంది. అలాగే వదిలేస్తే 32-బిట్‌కి కంపైల్ చేయబోతుంది, హోస్ట్‌లో 32-బిట్ లైబ్రరీలు లేకపోతే అక్కడే ఆగిపోతుంది. కింద నేను చెప్పే ఆప్షన్ల పేర్లు మెనూలో కనిపించేవే. మెనూలో స్లాష్ నొక్కి వెతికితే ఆప్షన్ ఎక్కడుందో, దేని మీద ఆధారపడిందో రెండూ చూపిస్తుంది.

యూఎంఎల్ మెనూ ఎంత చిన్నదో చూస్తే ముచ్చటేస్తుంది. ఏసీపీఐ లేదు, గ్రాఫిక్స్ కార్డుల గోల లేదు. 6.12లో ఒక్కటే సీపీయూ, కాబట్టి ఎస్ఎంపీ ప్రశ్నే రాదు. కంపైల్ కూడా పాత ల్యాప్‌టాప్‌లో సైతం టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

కెర్నల్ ఏమేం అడిగింది

మొదటి బిల్డ్ నడిపితే, పీట్రేస్ (ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని గమనించి అదుపు చేసే కాల్) పని చేస్తోందా, సిస్టమ్ కాల్ నంబర్ మార్చగలమా, డెవ్-షమ్ టెంప్‌ఎఫ్ఎస్ (మెమరీలో ఉండే ఫైల్‌సిస్టమ్) మీద ఉందా అంటూ కొన్ని లైన్లు వచ్చాయి, ఒక్కోదాని చివర 'ఓకే'. ఆ తర్వాత ఒక్క ముక్క లేకుండా ఆగిపోయింది. మొదటి లైన్లు హోస్ట్ వైపు కోడ్ రాసేవి, కెర్నల్ ఇంకా లేవకముందువి. కెర్నల్ మాట్లాడాలంటే ప్రింట్‌కే (కెర్నల్ మెసేజ్‌లు రాసే సదుపాయం) ఉండాలి, టైనీకాన్ఫిగ్ దాన్ని కూడా ఆపేసింది. కాబట్టి అన్నింటికన్నా ముందు ఆన్ చేయాల్సింది ప్రింట్‌కే.

ఆ చెకింగ్ లైన్లలో ఒకటి బాగా గమనించాలి. యూఎంఎల్ తన 'ర్యామ్'ని హోస్ట్‌లో ఒక టెంపరరీ ఫైల్‌గా పెట్టుకుని దాన్ని మ్యాప్ చేసుకుంటుంది. అందులోంచి కోడ్ నడవాలి కాబట్టి, ఆ ఫైల్ ఉండే చోటు నోఎక్సెక్‌తో (అక్కడి ఫైళ్లని నడపనివ్వని ఆప్షన్) మౌంట్ అయి ఉంటే ముందుకు వెళ్లదు, ఆ సంగతి తనే చెప్పి ఆగిపోతుంది. అలాంటి సిస్టమ్‌లో టీఎంపీడీఐఆర్ వేరియబుల్‌ని ఎక్సెక్ ఉన్న ఇంకో టెంప్‌ఎఫ్ఎస్ వైపు తిప్పితే సరిపోతుంది.

తర్వాత బ్లాక్ లేయర్, 'వర్చువల్ బ్లాక్ డివైజ్' ఆన్ చేసి, ఒక ఎక్స్‌ట్4 ఇమేజ్‌ని (డిస్క్‌లా వాడే ఫైల్‌ని) 'యూబీడీ0=' అని కమాండ్ లైన్‌లో ఇచ్చాను. ఇమేజ్ లోపల ఆల్పైన్ (ఒక చిన్న లినక్స్ డిస్ట్రిబ్యూషన్) మినీ రూట్ ఫైల్‌సిస్టమ్ ఉంది. డౌన్‌లోడ్ చేసేది చాలా చిన్న ఫైల్, దీనికి బాగా నప్పుతుంది. ఈసారి ప్యానిక్ (కెర్నల్ ముందుకు వెళ్లలేక ఆగిపోవడం) వచ్చింది, కానీ చదవదగ్గ ప్యానిక్. పార్టిషన్ల జాబితా అని రాసి, కింద '6200' అనే నంబరు, దాని పక్కన యూబీడీఏ. 62 హెక్సాలో రాసిన 98. యూబీడీ డివైజ్‌కి మేజర్ నంబర్ (డివైజ్ ఏ డ్రైవర్‌దో చెప్పేది) 98. మనం రూట్ ఏదో చెప్పకపోతే యూఎంఎల్ తనంతట తనే 'రూట్=98:0' అని చేర్చుకునేది కూడా అందుకే. ఆ కింది లైన్లో, ఏ ఫైల్‌సిస్టమూ రూట్‌ని మౌంట్ చేయలేకపోయింది, ప్రయత్నించినవి ఇవీ అని చెప్పి, ఆ తర్వాత ఖాళీ. డిస్క్ కనపడింది, దాన్ని చదవగల ఫైల్‌సిస్టమ్ ఒక్కటి కూడా కెర్నల్‌లో లేదు. ఎక్స్‌ట్4 ఆన్ చేస్తే ఆ మెట్టు దాటాం.

ఇక్కడ ఎక్స్‌ట్4ని మాడ్యూల్‌గా (తర్వాత విడిగా లోడ్ చేసే ఫైల్‌గా) పెట్టకుండా నేరుగా కెర్నల్‌లోనే పెట్టాలి. మాడ్యూల్ ఫైల్ ఆ డిస్క్ మీదే ఉంటుంది, డిస్క్ మౌంట్ కావాలంటే మాడ్యూల్ కావాలి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే తాత్కాలిక రూట్) లేకుండా నడిపేవాళ్లు రూట్‌కి కావలసినవన్నీ స్టార్ గుర్తుతోనే పెట్టుకోవాలి, 'ఎం' తో కాదు.

తర్వాతి ప్యానిక్ నాకు బాగా నచ్చింది. ఇనిట్ అంటే కెర్నల్ అన్నింటికన్నా ముందు నడిపే ప్రోగ్రాం. 'ఇనిట్=/బిన్/ఎస్‌హెచ్' అని ఇస్తే, అడిగిన ఇనిట్ విఫలమైంది, ఎర్రర్ -8 అంది. 8 అంటే ఈఎన్‌ఓఎక్సెక్: ఫైల్ ఉంది, పర్మిషన్ ఉంది, కానీ అది ఏ రకం ప్రోగ్రామో కెర్నల్‌కి తెలియదు. 'ఈఎల్ఎఫ్ బైనరీల సపోర్ట్' ఆఫ్‌లో ఉంది మరి (ఈఎల్ఎఫ్ అంటే లినక్స్ ప్రోగ్రాం ఫైళ్ల ఫార్మాట్). ఈఎల్ఎఫ్ ఫైల్‌ని నడపడమన్నది కెర్నల్‌కి పుట్టుకతో వచ్చిందని అనుకుంటాం, అది కూడా ఒక ఆప్షనే. దాన్ని ఆన్ చేయగానే షెల్ ప్రాంప్ట్ వచ్చింది. ఆ తర్వాత ప్రాక్, సిస్‌ఎఫ్ఎస్ (కెర్నల్ సమాచారాన్ని ఫైళ్లుగా చూపేవి) మౌంట్ చేసే చిన్న షెల్ స్క్రిప్ట్‌ని ఇనిట్‌గా ఇస్తే మళ్లీ అదే -8. షెల్ నడుస్తోంది, స్క్రిప్ట్ నడవదు. ఎందుకంటే మొదటి లైన్‌లో హ్యాష్, ఆశ్చర్యార్థకం ఉన్న ఫైళ్లని గుర్తుపట్టేది ఇంకో ఆప్షన్, ఈఎల్ఎఫ్ పక్కనే ఉంటుంది. ఒకే ఎర్రర్ నంబర్, రెండు వేర్వేరు ఆప్షన్లు. నిజం సిస్టమ్ మీద ఏళ్ల తరబడి పని చేసినా ఈ తేడా ఇంత స్పష్టంగా కనిపించదు.

మిగతావి గబగబా అయిపోయాయి. ప్రాక్ మౌంట్ చేయబోతే 'నో సచ్ డివైజ్' అన్నది, ప్రాక్ ఫైల్‌సిస్టమ్ ఆన్ చేశాను. సిస్‌ఎఫ్ఎస్, టెంప్‌ఎఫ్ఎస్ అలాగే. డెవ్‌టెంప్‌ఎఫ్ఎస్, దాని కింద ఉండే ఆటోమేటిక్ మౌంట్ ఆప్షన్ రెండూ ఆన్ చేస్తే డెవ్ ఫోల్డర్ దానంతట అదే నిండుతుంది.

షెల్‌లోంచి బయటికి రావడానికి ఎగ్జిట్ కొట్టకండి. అదే పీఐడీ 1 (మొదటి ప్రాసెస్) కాబట్టి ఇనిట్‌ని చంపబోయారంటూ ప్యానిక్ అవుతుంది, టెర్మినల్ కూడా పాడవుతుంది. 'పవర్‌ఆఫ్ -ఎఫ్' వాడాలి. టెర్మినల్ పాడైతే 'ఎస్‌టీటీవై సేన్' అని, కనపడకపోయినా సరే, టైప్ చేసి ఎంటర్ కొడితే బాగవుతుంది.

హోస్ట్‌ఎఫ్ఎస్, కౌ ఫైళ్లు

యూఎంఎల్ స్పెసిఫిక్ ఆప్షన్స్‌లో 'హోస్ట్ ఫైల్‌సిస్టమ్' ఉంది. దాన్ని ఆన్ చేస్తే హోస్ట్‌లోని ఏ ఫోల్డర్‌నైనా లోపల మౌంట్ చేసుకోవచ్చు. నా మాడ్యూల్ ఫైళ్లు ఉన్న ఫోల్డర్‌ని ఇలా మౌంట్ చేసుకుని, బయట కంపైల్ చేయగానే లోపల ఇన్‌స్‌మాడ్ (మాడ్యూల్ లోడ్) చేస్తున్నాను. కాపీ చేసే పని లేదు. 'హోస్ట్‌ఎఫ్ఎస్=' అని కమాండ్ లైన్‌లో ఒక ఫోల్డర్ ఇస్తే లోపలివాళ్లు ఆ ఫోల్డర్ దాటి పైకి వెళ్లలేరు. ఇది తప్పకుండా ఇవ్వండి. లేకపోతే మీ హోమ్ ఫోల్డర్ మొత్తం లోపలున్న రూట్ యూజర్‌కి తెరిచి పెట్టినట్టే.

రూట్ ఫైల్‌సిస్టమ్‌నే హోస్ట్‌ఎఫ్ఎస్ మీద పెట్టడం కూడా కుదురుతుంది, షెల్ వరకు బాగానే ఉంటుంది. కానీ లోపల ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫైల్ ఓనర్‌ని మార్చాల్సి వస్తుంది. బయట మనం మామూలు యూజర్ కాబట్టి హోస్ట్ ఒప్పుకోదు. లోపల రూట్ అయినా ఆ అధికారం బయటికి చెల్లదు. ప్యాకేజీలు కావాలంటే ఇమేజ్ ఫైలే దారి.

ఇమేజ్ పాడవుతుందని టెన్షన్ పడక్కర్లేదు. 'యూబీడీ0=' తర్వాత ముందు కౌ (కాపీ-ఆన్-రైట్) ఫైల్ పేరు, కామా, అసలు ఇమేజ్ పేరు ఇస్తే రాతలన్నీ కౌ ఫైల్‌లోకి వెళ్తాయి, అసలు ఇమేజ్ ముట్టుకోదు. పాడైతే కౌ ఫైల్ డిలీట్ చేయడమే. ఒక్క జాగ్రత్త: అసలు ఇమేజ్ సైజు, మార్పు సమయం కౌ ఫైల్ గుర్తుపెట్టుకుంటుంది. మధ్యలో అసలు ఇమేజ్‌ని మారిస్తే ఆ కౌ ఫైల్ ఇక పనికిరాదు.

స్టాటిక్ లింక్, నెట్‌వర్క్: రెండూ ఒకచోట ఇమడవు

'ఫోర్స్ ఎ స్టాటిక్ లింక్' (లైబ్రరీలన్నీ ఫైల్ లోపలే కలిపేసేది) అనే ఆప్షన్ నాకు కావాలి. దాంతో వచ్చిన ఒక్క ఫైల్‌ని క్రూట్‌లో (ఒక ఫోల్డర్‌నే రూట్‌గా చూపే చోట) పెట్టినా, లైబ్రరీలు వేరే ఉన్న ఇంకో మెషీన్‌కి పంపినా నడుస్తుంది. కానీ నెట్‌వర్క్ కోసం వెక్టర్ ట్రాన్స్‌పోర్ట్ (యూఎంఎల్ నెట్‌వర్క్ డ్రైవర్) ఆన్ చేయగానే ఆ ఆప్షన్ మెనూలోంచే మాయమైంది. స్లాష్ వెతుకులాటలో డిపెండెన్సీ చూస్తే అర్థమైంది. వెక్టర్ డ్రైవర్ హోస్ట్ వైపు పేర్లని అడ్రసులుగా మార్చే జీలిబ్‌సీ (హోస్ట్ సీ లైబ్రరీ) ఫంక్షన్లు వాడుతుంది. స్టాటిక్‌గా లింక్ చేసినా అవి నడిచేటప్పుడు లైబ్రరీలు వెతుక్కుంటాయి. అందుకే మామూలు జీలిబ్‌సీ ఉన్న సిస్టమ్‌లో రెండూ కలవనివ్వరు.

ఇక్కడే యూఎంఎల్ కాన్ఫిగ్ గుట్టు నాకు పట్టుబడింది. ప్రతి ఆప్షన్ దగ్గరా అడగాల్సిన ప్రశ్న: ఈ పని హోస్ట్‌లో ఎవరు చేస్తారు? హోస్ట్‌ఎఫ్ఎస్ అయితే హోస్ట్ ఓపెన్, రీడ్ కాల్స్. యూబీడీ అయితే ఒక ఫైల్. వెక్టర్ అయితే ట్యాప్ డివైజ్ (సాఫ్ట్‌వేర్‌తో చేసిన నెట్‌వర్క్ కార్డు). జవాబు తెలిస్తే ఆ ఆప్షన్ దేనితో పొసగదో కూడా ఊహించవచ్చు.

ట్యాప్ కోసం మాత్రం ఒక్కసారి హోస్ట్‌లో రూట్ కావాలి: ట్యాప్0 తయారుచేసి, నా యూజర్ పేరు మీద రాయించాలి. తర్వాత 'వెక్0:ట్రాన్స్‌పోర్ట్=ట్యాప్,ఐఎఫ్‌నేమ్=ట్యాప్0' అని కమాండ్ లైన్‌లో ఇస్తే చాలు. 6.12 మెనూలో పాత ట్రాన్స్‌పోర్ట్‌లు, స్లిప్ లాంటివి, ఇంకా కనిపిస్తాయి. వాటి హెల్ప్‌లోనే త్వరలో తీసేస్తామని రాసి ఉంది, వాటి జోలికి వెళ్లొద్దు.

డీబగ్ ఆప్షన్లు

మేనేజ్‌మెంట్ కన్సోల్ (బయటినుంచి కెర్నల్‌కి ఆదేశాలిచ్చేది), మ్యాజిక్ సిస్‌ఆర్‌క్యూ (కెర్నల్ స్థితి అడిగే అత్యవసర కమాండ్లు) రెండూ జంటగా ఆన్ చేసుకోవాలి. నడిపేటప్పుడు 'యూఎంఐడీ=' తో ఒక పేరు పెడితే, ఇంకో టెర్మినల్‌లోంచి యూఎంఎల్ మెకన్సోల్ టూల్‌తో (యూఎంఎల్ యుటిలిటీస్ ప్యాకేజీలో ఉంటుంది) ఆ పేరు పిలిచి కెర్నల్‌ని ఆపవచ్చు, మళ్లీ నడిపించవచ్చు, నడుస్తుండగానే కొత్త డిస్క్ తగిలించవచ్చు. సిస్‌ఆర్‌క్యూ ఆప్షన్ ఉంటేనే అక్కడినుంచి అన్ని టాస్క్‌ల స్టాక్ అడగగలం.

జీడీబీ (డీబగ్గర్) నేరుగా పని చేస్తుంది, ఎందుకంటే ఇది మామూలు ప్రోగ్రామే. డీబగ్ ఇన్ఫో ఆన్ చేసి, జీడీబీ లోపల సిగ్‌సెగ్‌వీని (సెగ్మెంటేషన్ ఫాల్ట్ సిగ్నల్‌ని) ఆపకుండా, చూపకుండా నేరుగా పంపేయమని ముందే చెప్పాలి. యూఎంఎల్ లోపల పేజ్ ఫాల్ట్ అంటే హోస్ట్ దృష్టిలో సెగ్మెంటేషన్ ఫాల్ట్. చెప్పకపోతే జీడీబీ అడుగడుగునా ఆగుతుంది. స్టార్ట్ కెర్నల్ ఫంక్షన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి, బూట్‌ని ఒక్కో లైన్ చొప్పున చూడటం ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

టైమ్ ట్రావెల్ సపోర్ట్ కూడా ఆన్ చేశాను. బూట్‌లో 'టైమ్-ట్రావెల్' ఇస్తే, కెర్నల్‌కి చేయడానికి పనేమీ లేనప్పుడు గడియారం తర్వాతి టైమర్ దగ్గరికి గెంతుతుంది. లోపల 'స్లీప్ 3600' కొడితే వెంటనే ప్రాంప్ట్ వస్తుంది, డేట్ చూస్తే గంట గడిచి ఉంటుంది. టైమర్లు వాడే మాడ్యూల్ రాస్తున్నవాళ్లకి ఇది వరం.

కాన్ఫిగ్ దాచుకోవడం

పెద్ద కాన్ఫిగ్ ఫైల్ కాకుండా యూమేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్‌తో వచ్చే చిన్న ఫైల్‌ని గిట్‌లో పెడుతున్నాను. డిఫాల్ట్‌కి భిన్నంగా ఉన్నవి మాత్రమే అందులో ఉంటాయి, చదివితే అర్థమవుతుంది. ఏ బైనరీ ఏ కాన్ఫిగ్‌తో వచ్చిందో మర్చిపోతే, ఆ లినక్స్ ఫైల్‌నే '--షోకాన్ఫిగ్' తో నడిపితే మొత్తం రాసి చూపిస్తుంది. బూట్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు రెండు కాన్ఫిగ్‌లు ఉంచుకున్నాను: నెట్‌వర్క్ లేని స్టాటిక్ బిల్డ్ ఒకటి, వెక్టర్‌తో డైనమిక్ బిల్డ్ ఒకటి. మూడోది కేసాన్ కోసం. మెమరీ తప్పులు పట్టే ఈ ఆప్షన్ 64-బిట్ యూఎంఎల్‌లో ఉంది, కానీ ఇన్‌లైన్ పద్ధతిలో పెడితే స్టాటిక్ లింక్‌తో కలవదు. కాబట్టి డైనమిక్ కాన్ఫిగ్ మీదే మెర్జ్‌కాన్ఫిగ్ స్క్రిప్ట్‌తో కేసాన్ ముక్కని చేర్చి బిల్డ్‌కి పెట్టాను. అది బూట్ అయితే, ముందుగా నా రింగ్ బఫర్ మాడ్యూల్‌ని దాని కింద నడపాలి.