లేహ్ రోడ్డు, బారాలాచా, మా వాళ్ళు
మనాలి నుంచి లేహ్ కి రోడ్డు మీదే వెళ్ళాలని మా గ్యాంగ్ కి ఎప్పట్నుంచో కోరిక, మొత్తానికి ఈ జూన్ లో కుదిరింది. అటల్ టన్నెల్ 9 కిలోమీటర్లు దాటి బయటికొస్తే లాహౌల్ లోయ, అక్కడ్నుంచి పోనుపోను చెట్లు తగ్గిపోయి అన్నీ రాతి కొండలే. తాండీ బంక్ లో ట్యాంక్ ఫుల్ చేయించి క్యాన్లలో కూడా పట్టించాం, ముందు చాలా దూరం బంకులుండవని అందరూ చెప్పారు.

అసలు కష్టం బారాలాచా లా (లా అంటే కొండ కనుమ) దగ్గరే. దాదాపు 16,000 అడుగుల ఎత్తు, రోడ్డుకి రెండు వైపులా మనిషిని మించిన మంచు గోడలు, మధ్యాహ్నం ఎండకి మంచు కరిగి నాలాలు రోడ్డు మీదకే వచ్చేస్తాయి, అందుకే పొద్దున్నే దాటేయాలి. మేం పైకి చేరేసరికి మావాడొకడికి విపరీతమైన తలనొప్పి, వాంతులు, మాట కూడా తడబడుతోంది. ఇంకెవరూ ఆలోచించలేదురా, బండి వెనక్కి తిప్పేసి కిందున్న జిస్పా ఊరి దాకా దిగిపోయాం. ఆక్సిజన్ తక్కువై ఒంట్లో బాలేనప్పుడు కిందికి దిగడమే మందు. వాడు కోలుకున్నాకే మళ్ళీ బయల్దేరాం.

తర్వాత గాటా లూప్స్ 21 మలుపులు, మోరే మైదానం, 17,000 అడుగులు దాటిన తంగ్లాంగ్ లా, అన్నీ అద్భుతమే. కానీ నాకు ఎక్కువ గుర్తున్నది ఆ చలిలో తారు మరగబెడుతూ రాళ్ళు పరుస్తున్న రోడ్డు కూలీలు. చాలామంది జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళు. మా దగ్గరున్న జంతికలు, సున్నుండలు అన్నీ వాళ్ళకే ఇచ్చేశాం. ఆ రోడ్డున వెళ్తే కాసేపు ఆగి వాళ్ళని పలకరించండి ప్లీజ్.