మరీ... ఏందంటే...

బుధవారం, నెల్లూరు

పొద్దున ఇందుకూరుపేట బస్సులో పక్క సీటాయన ఫోన్లో రొయ్యల బేరం. అవతలాయన ముప్పై కౌంటుకి, అంటే కిలోకి ముప్పై తూగే రొయ్యలకి, ఏదో రేటు చెప్పినట్టుండాడు. ఈయన వెంటనే కాదనలా. "అదీ... ఏందంటే అన్నా... మరీ..." అని సాగదీసి, అప్పుడు "ఆ రేటుకి కుదరదులే" అన్నాడు. అవతలాయనకి సంగతి ఆ సాగదీతలోనే అర్థమైపోయుంటుంది. ఒప్పుకునేవాడు టక్కున సరేనంటాడు, నసిగేది కాదనేవాడే.

ఊతపదాలంటే నోటి దురలవాటని బళ్లో కోప్పడతారు గానీ, అసలు చిక్కు టైముతో. 2009లో పది భాషల సంభాషణల్లో అవునా కాదా అని అడిగే ప్రశ్నలు కొలిచి చూస్తే, అడగడం ఆగాక ఇంకొకరు జవాబు అందుకోవడానికి మధ్య సందు సగటున దాదాపు 200 మిల్లీసెకన్లే. బొమ్మ చూపించి ఒక్క పేరు చెప్పమన్నా నోరు తెరిచేసరికి దాదాపు 600 పడుతుంది. అందుకే ఎదుటివాళ్లు మాట్లాడుతుండగానే మనం జవాబు కూర్చుకుంటాం. అది సిద్ధం కాకముందే వంతు వచ్చిందా, బస్సు కిటికీలోంచి సీటు మీద తుండుగుడ్డ వేసినట్టు "అంటే..." అని వేసేస్తాం.

ఇంగ్లీషు వాళ్ల "అ", "అమ్" మీద క్లార్క్, ఫాక్స్ ట్రీ అనే మనస్తత్వ పరిశోధకులు 2002లో రాసిందాని ప్రకారం మొదటిది చిన్న ఆలస్యానికి గుర్తు, రెండోది పెద్దదానికి. మనకి ఇంకో సౌకర్యం ఉంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఏ మాటనైనా లాగొచ్చు: "నిన్నా... కావలీ... పొయ్యీ..." ఇందులో ఊతపదం ఒక్కటీ లేదు, తడబాటు మాత్రం నిండా ఉంది.

తగ్గించుకోవాలనుకునేవాళ్లు ముందు ఫోన్లో రెండు నిమిషాలు రికార్డు చేసుకోవాలి. చూసి చదివితే పనికిరాదు, అందులో ఇవి రావు. ఏదన్నా విషయం అప్పటికప్పుడు వివరించాలి. తర్వాత విని, సాగదీతలతో సహా ఉన్నదున్నట్టు రాసి, ప్రతి ఊతపదం తర్వాత వచ్చిన మాట కింద గీత గీయాలి. పేర్లూ అంకెల ముందు "అదీ, ఏందదీ" వస్తుంటే అవి చీటీ మీద రాసుకుంటే చాలు. వాక్యం మొదట్లో "అంటే, మరి" వస్తుంటే, ముందు వాక్యం క్రియతో ముగించి, నోరు మూసి, ఊపిరి తీసుకుని మొదలుపెట్టాలి. మాట్లాడేవాళ్లకి ఆ ఆగడం చాలాసేపనిపిస్తుంది, వినేవాళ్లకి అంతగా తెలీదు. చివర్లో వచ్చే "కదా, అర్థమైందా" వేరే జాతి. అవి ఎదుటివాళ్లు వింటున్నారో లేదో చూసుకోవడానికి, వాటికి ఈ మందు పనిచేయదు.

మొత్తానికే మానేయాలని పట్టుబడితే ధ్యాసంతా నోటి మీదికి పోయి చెప్పాల్సింది జారిపోతుంది. ఫోన్లో అయితే అసలే వద్దు. మనం కాసేపు ఊరుకుంటే అవతలాయన లైను కట్టయిందనుకుని "హలో హలో" అని మొదలుపెడతాడు.