వీణ రికార్డింగ్: ప్రీయాంప్ మార్చాలా, మైక్ మార్చాలా?

ఇంట్లో వీణ రికార్డ్ చేసుకునే పని ఈ నెల కాస్త ముందుకు కదిలింది. అసలు తలనొప్పి హోరు. తానం వాయిస్తుంటే ఏమీ తెలియదు. మంద్రంలో ఒక స్వరం మీటి గమకం ముగించాక నాదం సన్నబడుతూ పోతుంది కదా, అక్కడ ‘స్స్‌’ అంటూ పైకి తేలుతుంది. నాకు వీణ ప్రాణమంతా ఆ చివరి నాదంలోనే ఉంది, కాబట్టి సర్దుకుపోలేను.

ప్రస్తుతం ఉన్నవి షూర్ ఎస్‌ఎం58 మైక్ (కరెంటు అక్కర్లేని డైనమిక్ రకం), ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో జనరేషన్ (మైక్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే ఇంటర్‌ఫేస్, ప్రీయాంప్ దాని లోపలే ఉంటుంది), ల్యాప్‌టాప్. విడిగా మంచి ప్రీయాంప్ కొనమని తెలిసినవాళ్లు చెప్పారు. డబ్బు పెట్టేముందు లెక్క చూద్దామని కూర్చున్నాను.

మైక్ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీని రికార్డింగుకు సరిపడా పెంచడం ప్రీయాంప్ పని. ఈ పెంపునే గెయిన్ అంటారు. పెంచుతూ తన హోరు కూడా కొంత కలుపుతుంది. అది ఎంతో చెప్పే అంకెను ఈఐఎన్ అంటారు. మైనస్ తర్వాత అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. నా స్కార్లెట్‌కు కంపెనీ చెప్పేది −128 డీబీయూ (వోల్టేజీని డెసిబెల్లలో చెప్పే కొలత), అదీ ఏ-వెయిటింగుతో, అంటే చెవికి తక్కువగా వినిపించే ఫ్రీక్వెన్సీలను తగ్గించి లెక్కేస్తే. పోల్చేటప్పుడు ఈ వెయిటింగు మాట తప్పక చూడాలి, దానితో కొలిస్తే అంకె రెండు డీబీ దాకా మెరుగ్గా కనిపిస్తుంది. 150 ఓమ్‌ల రెసిస్టర్ గదిలో ఊరికే పడి ఉన్నా, దాని వేడికే వెయిటింగు లేకుండా దాదాపు −131 డీబీయూ హోరు పుడుతుంది. ఎంత ఖరీదైన ప్రీయాంప్ అయినా ఆ గోడ దాటలేదు. అంటే లక్ష పోసినా నాకు మిగిలేది మహా అయితే నాలుగైదు డీబీలు.

ఇప్పుడు మైక్ సంగతి. 94 డీబీ శబ్దానికి ఎస్‌ఎం58 ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు. వీణను మెల్లగా వాయిస్తే మైక్ దగ్గర 74 డీబీ ఉందనుకుందాం. సిగ్నల్ సుమారు −72 డీబీయూ అవుతుంది, ప్రీయాంప్ హోరుకు పైన 56 డీబీ. అదే చోట ఏటీ2020 అనే కండెన్సర్ మైక్ (కరెంటుతో నడిచి, ఎక్కువ వోల్టేజీ ఇచ్చే రకం) పెడితే ప్రీయాంప్ అసలు అడ్డే కాదు, సిగ్నల్ ప్రీయాంప్ హోరుకు 70 డీబీ పైనే ఉంటుంది. కానీ ఆ మైక్ సొంత హోరే 20 డీబీ, కాబట్టి 74లో అది పోగా చివరికి దక్కేది 54. డైనమిక్ మైక్‌తో దాదాపు సమానం! రోడ్ ఎన్‌టీ1-ఏ సొంత హోరు 5 డీబీ మాత్రమే, అక్కడ 69 దక్కుతుంది. ఏ ప్రీయాంప్ మార్చినా ఇంత తేడా రాదు.

లెక్క ఒక్కటే నమ్మలేదు. ఎక్స్‌ఎల్‌ఆర్ మేల్ ప్లగ్ (మైక్ కేబుల్ చివర ఉండే మూడు పిన్నుల ప్లగ్) లోపల 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్‌ల రెసిస్టర్ టంకం పెట్టాను. కొన్ని రూపాయల ఖర్చు. అది శబ్దాన్ని పట్టదు, కాబట్టి వినిపించేది ఎలక్ట్రానిక్ హోరే. దాన్ని మైక్ స్థానంలో గుచ్చి, వీణకు వాడే గెయిన్‌లోనే రికార్డ్ చేశాను. తర్వాత ఫ్యాన్ ఆపి, ఛార్జర్ తీసేసి, మైక్ పెట్టి ఖాళీ గదిని రికార్డ్ చేశాను. మొత్తం లెవెల్ చూస్తే గదిదే ఎక్కువ, కానీ అదంతా కింది ఫ్రీక్వెన్సీల్లో గురగుర. పై ఫ్రీక్వెన్సీల్లో రెండు రికార్డింగులూ ఒకేలా వినిపించాయి. నన్ను వేధిస్తున్న ‘స్స్‌’ గదిది కాదని అక్కడ తేలిపోయింది. ఈ పరీక్ష చేయకుండా ఎవరూ ఏదీ కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆ గురగురను మాటల రికార్డింగులో అయితే 80 హెర్ట్జ్ కింద కత్తిరించేయొచ్చు. వీణకు కుదరదు. మూడు శ్రుతికి కలిపితే అనుమంద్ర పంచమం (అన్నిటికన్నా కింది స్వరం పలికే తీగ) 62 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. బొబ్బిలి వీణ పనస కుండ గుమ్మనేది అక్కడే. అందుకే ఫిల్టర్ ముట్టుకోకుండా మైక్‌ను రెండడుగుల నుంచి అడుగు దూరానికి జరిపాను. దూరం సగమైతే సుమారు ఆరు డీబీ ఉచితంగా వస్తుంది. ఇంకా దగ్గరికి పోతే మెట్ల మీద వేళ్లు జారే చప్పుడు ముందుకొస్తోంది, కాబట్టి అక్కడ ఆపాను.

క్లౌడ్‌లిఫ్టర్ లాంటి బూస్టర్లు మైక్ కేబుల్ గుండా వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ తీసుకుని 25 డీబీ పెంచుతాయి. గెయిన్ చాలని ఇంటర్‌ఫేస్‌కు, లేదా గెయిన్ చివరిదాకా తిప్పితే బాగా హోరు పెట్టే ప్రీయాంప్‌కు అవి పనికొస్తాయి. నా దగ్గర 56 డీబీ గెయిన్ ఉంది, ప్రీయాంప్ హోరూ తక్కువే, కాబట్టి వద్దనుకున్నాను. విడి ప్రీయాంప్ కొన్నా, దాన్ని ముందే పెరిగిన సిగ్నల్ కోసం ఉండే లైన్ ఇన్‌పుట్‌కే కలపాలి, మైక్ ఇన్‌పుట్‌కు కాదు. చవక ఇంటర్‌ఫేస్‌లు కొన్నిట్లో లైన్ ఇన్‌పుట్ కూడా లోపలి ప్రీయాంప్ గుండానే పోతుంది. అలాంటప్పుడు కొత్త డబ్బాతో పెద్ద లాభం ఉండదు.

కండెన్సర్ గది శబ్దాన్ని లాగేస్తుందని భయపెడతారు. రెండు మైకులూ కార్డియాయిడే (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం), దూరమూ ఒకటే అయితే వీణకూ గదికీ మధ్య నిష్పత్తి పెద్దగా మారదు. వాడిన ఎన్‌టీ1-ఏ ఒకటి బేరం నడుస్తోంది. చేతికొచ్చాక ఇదే అడుగు దూరంలో, గెయిన్ తగ్గించి, పీక్ −12 డీబీ దాటకుండా 24 బిట్‌లో అదే రాగం, అదే మంద్ర స్వరం మళ్లీ రికార్డ్ చేసి రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి వింటాను.