లాంగ్ గేమ్ మధ్యలో నెట్ తెగిపోవడం: ఐదు వారాల లాగ్

మొదటి వారం

ఆన్‌లైన్ చెస్‌లో నేను ఆడే లాంగ్ గేమ్ ఇది: ఒక్కొక్కరికి 45 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకు 45 సెకన్లు అదనం (ఇంక్రిమెంట్). ఈ టైమ్ కంట్రోల్‌లో ఒక్కో గేమ్ రెండు మూడు గంటలు పడుతుంది. పోయిన ఆదివారం అలా కష్టపడి ఒక రూక్ ఎండింగ్‌ను (రాజులు, రూక్‌లు, కొద్ది బంట్లే మిగిలిన చివరి దశ) డ్రా అంచుదాకా తెచ్చాను. నాది నలుపు. రాజు ఇ8లో, రూక్ బి6లో. అచ్చంగా ఫిలిడార్ పొజిషన్, అంటే బంటు తక్కువున్నవాడు డ్రా కాపాడుకునే పేరున్న అమరిక. ప్రత్యర్థి బంటును ఇ6కి తోశాడు. ఇక రూక్‌ను బి1కి దించి వెనకనుంచి చెక్‌లు ఇస్తూ పోతే చాలు. దించాను. తెరమీద అతని గడియారం తిరగడం మొదలైంది. ఆలోచిస్తున్నాడనుకున్నాను. కాసేపటికి నా రూక్ దానంతటదే మళ్లీ బి6కి వెళ్లిపోయింది, పైన ‘మళ్లీ కనెక్ట్ అవుతోంది’ అని వచ్చింది. ఆ మాట పోయేసరికి నా టైమ్ అయిపోయింది.

ఇందులో నేను నేర్చుకున్న మొదటి సంగతి: వై-ఫై చడీచప్పుడు లేకుండా తెగితే బ్రౌజర్‌కు వెంటనే తెలియదు. బోర్డుకూ సర్వర్‌కూ మధ్య వెబ్‌సాకెట్ అనే ఒకే కనెక్షన్ గేమ్ అంతసేపూ తెరిచి ఉంటుంది. ‘నేను వెళ్తున్నా’ అని ఎవరూ చెప్పకుండా దారి మూసుకుపోతే, కొన్ని సెకన్లకోసారి వెళ్లే పలకరింపుకు జవాబు రాకపోయాకే బ్రౌజర్‌కు అనుమానం వస్తుంది. అప్పటిదాకా నా తెరమీద ఎత్తు పడినట్టే ఉంటుంది, సర్వర్‌లో మాత్రం నా గడియారమే తిరుగుతుంటుంది. తీర్పు సర్వర్ గడియారానిదే.

గత రెండు నెలల్లో 14 లాంగ్ గేమ్‌లు ఆడితే ఆరింటిలో ఇలా జరిగింది. కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ గేమ్‌లలో ఒక్కసారి కూడా కాలేదు. ఈ తేడా ఎందుకో తేలాలి.

ముందు కొలవడం మొదలుపెట్టాను. రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదానిలో రౌటర్‌కు (నా దగ్గర 192.168.1.1), రెండోదానిలో బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు ఆగకుండా పింగ్ (జవాబు వస్తోందో లేదో చూసే కమాండ్) నడిపాను. మామూలు పింగ్ ఏ సమయానికి జవాబొచ్చిందో చూపించదు కాబట్టి ప్రతి లైన్‌కూ గడియారం సమయం చేర్చి ఫైల్‌లో రాసే చిన్న స్క్రిప్ట్ పెట్టుకున్నాను. రౌటర్ పింగే ఆగితే లోపం ఇంట్లో ఉంది. రౌటర్ జవాబిస్తూ బయటిది మాత్రం ఆగితే లోపం లైన్‌లో ఉంది. ఈ ఒక్క విభజన చేయకుండా సెట్టింగ్‌లు మారుస్తూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి, నాకు గడిచాయి.

రెండో వారం

మూడు గేమ్‌లు, రెండు డ్రాప్‌లు (నెట్ తెగడాలు). రెండుసార్లూ రౌటర్ పింగే ఆగింది. అంటే ఇంట్లోనే.

మొదటి డ్రాప్ టైమ్‌ను గేమ్ రికార్డుతో పోల్చి చూశాను. నేను 12 నిమిషాలు ఆలోచించిన ఎత్తు దగ్గర తెగింది. దాంతో సంగతి అర్థమైంది. లాంగ్ గేమ్ ఆడేటప్పుడు పక్కన చెక్క బోర్డు మీద అదే పొజిషన్ పేర్చుకుంటాను (ఉన్న ఎత్తులు మాత్రమే, పావులు జరిపి లెక్క వేయను). ఆలోచించేటప్పుడు చూపు దానిమీదే. అంతసేపూ మౌస్ ముట్టుకోను. బ్యాటరీ మీద ఉన్న ల్యాప్‌టాప్ పది నిమిషాలకు తెర ఆర్పి, ఆ తర్వాత నిద్రలోకి జారుకుంటోంది, వై-ఫై కూడా పోతోంది. మౌస్ కదిపితే తెర వెలుగుతుంది కాబట్టి ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. బ్లిట్జ్‌లో చేయి మౌస్ మీదనుంచి కదలదు, అందుకే అక్కడ ఈ సమస్య లేదు.

చేసిన మార్పులు: గేమ్ రోజు ఛార్జర్ పెట్టడం, స్లీప్‌ను ‘ఎప్పుడూ వద్దు’లో ఉంచడం, డివైస్ మేనేజర్‌లో వై-ఫై అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి, కరెంట్ ఆదా కోసం దాన్ని ఆపేయవచ్చనే టిక్ తీసేయడం. బోర్డు ఉన్న ట్యాబ్‌ను వేరే విండోగా లాగి కళ్లముందే ఉంచుతున్నాను, కనిపించని ట్యాబ్‌ల టైమర్లను బ్రౌజర్లు నెమ్మదింపజేస్తాయి.

విండోస్‌లో వైర్‌లెస్ రిపోర్ట్ అనే వసతి ఉంది. అడ్మిన్ కమాండ్ విండోలోంచి తీయిస్తే గత మూడు రోజుల్లో ఎప్పుడు కనెక్ట్ అయింది, ఎప్పుడు తెగింది, కారణమేమిటి అన్నీ ఒక పేజీలో వస్తాయి. ముందే తెలిసి ఉంటే నా స్క్రిప్ట్ పని సగం తప్పేది.

మూడో వారం

పోయిన వారం రెండో డ్రాప్ ల్యాప్‌టాప్ నిద్రకు సంబంధించినది కాదు. నేను ఎత్తు వేసి ఐదు సెకన్లే అయింది, వై-ఫై పేరే మాయమైంది. లాగ్‌లో ఖాళీ 71 సెకన్లు. బుధవారం మళ్లీ అలాగే, 68 సెకన్లు. రెండూ నిమిషం కంటే కాస్త ఎక్కువ. ఇలా దాదాపు ఒకే కొలత రెండుసార్లు వస్తే అది యాదృచ్ఛికం అనిపించలేదు.

రౌటర్ సెట్టింగ్స్ పేజీలో సిస్టమ్ లాగ్ తీసి ఆ టైమ్ దగ్గర చూస్తే, రాడార్ గుర్తించామని, ఛానల్ మార్చామని ఉంది! వై-ఫై వాడే రెండు బ్యాండ్‌లలో (2.4, 5 గిగాహెర్ట్జ్) ఒకటైన 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లలో చాలా వాటిని వాతావరణ రాడార్ల వంటి వాటితో పంచుకోవాలి. రాడార్ సిగ్నల్ అనిపిస్తే రౌటర్ 10 సెకన్లలో ఆ ఛానల్ ఖాళీ చేయాలి. కొత్తగా వెళ్లేది కూడా అలాంటి ఛానలే అయితే, ప్రసారం మొదలుపెట్టే ముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి. దీన్ని డీఎఫ్ఎస్ అంటారు. నా రౌటర్ ‘ఆటో’లో ఉండి 100వ ఛానల్ ఎంచుకుంది. ఒక్కోసారి రాడార్ లేకపోయినా ఉందనుకుని పొరబడుతుంది కూడా. ఆ నిమిషం పైచిలుకు ఖాళీ అదే. వీడియో చూస్తుంటే ముందే నిల్వైన భాగం నడుస్తూ ఉంటుంది కాబట్టి తెలిసేదే కాదు. గడియారం నడుస్తున్నప్పుడే ప్రాణం పోతుంది.

ఛానల్‌ను ఆటోనుంచి తీసి 36లో స్థిరంగా పెట్టాను. 36 నుంచి 48 దాకా ఈ నియమం లేదు. ఇక 2.4, 5 రెండింటికీ ఒకే పేరు ఉండటంతో ల్యాప్‌టాప్ అటూ ఇటూ దూకేది. పేర్లు వేరు చేసి, 2.4ను మరిచిపొమ్మన్నాను.

నాలుగో వారం

నాలుగు గేమ్‌లు, ఒక డ్రాప్. ఈసారి రౌటర్ పింగ్ చెక్కుచెదరలేదు, బయటిదే 40 సెకన్లు ఆగింది. ఆ సమయానికే ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగింది. చూస్తే సన్నని ఫైబర్ తీగ బల్ల కాలి దగ్గర బాగా మడతపడి ఉంది. ఫైబర్‌ను ఎక్కువ వంచితే లోపలి కాంతి బయటికి కారిపోతుంది. బల్ల జరిపి, తీగను వదులుగా పెద్ద చుట్టగా పెట్టాను. కనెక్టర్ మాత్రం ముట్టుకోలేదు, అది లైన్‌మన్ పని.

రౌటర్‌నుంచి కేబుల్ కూడా వేశాను. క్యాట్ 5ఇ చాలు, 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. కేబుల్ పెట్టాక వై-ఫైని ఆఫ్ చేయడం మరవకండి. లేకపోతే కేబుల్ కాస్త వదులైనా సిస్టమ్ నిశ్శబ్దంగా వై-ఫైకి మారుతుంది, మన లాగ్ అంతా తికమకవుతుంది.

ఐదో వారం

కరెంటు పోయినా, లైన్ పోయినా గేమ్ పోకూడదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో రెండుసార్లు రిహార్సల్ చేశాను. ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌ను దానికి కనెక్ట్ చేసి, పేజీ మళ్లీ తెరిచేసరికి 50 సెకన్లు పోయాయి. దానికంటే ఇది మేలు: ఫోన్‌లో వై-ఫై ఆపి, మొబైల్ డేటా మీద అదే అకౌంట్‌తో లాగిన్ అయి, అదే గేమ్ ముందే తెరిచి పక్కన పెట్టుకోవడం. ఆటో లాక్ కూడా తీసేయాలి. తెగిన క్షణంలో ఎత్తు ఫోన్‌లో వేస్తే ఆరు సెకన్లు పట్టింది. లీగ్ (జట్ల పోటీ) గేమ్ అయితే రెండో పరికరం వాడొచ్చో లేదో కెప్టెన్‌ను ముందే అడగాలి. మా కెప్టెన్ సరేనన్నారు.

ఆలోచించే పద్ధతిలో కూడా ఒక మార్పు చేశాను. ఎత్తు వేశాక చెక్క బోర్డు వైపు తిరిగే ముందు మూడు సెకన్లు కనెక్షన్ గుర్తు వైపు చూస్తున్నాను. పచ్చగా ఉంటేనే కుర్చీలో వెనక్కి వాలతాను.

ఈ వారం రెండు గేమ్‌లు, డ్రాప్‌లు సున్నా. నిన్నటిది మూడు గంటల పది నిమిషాలు నడిచింది. చివర్లో మళ్లీ రూక్ ఎండింగే, మళ్లీ నాదే నలుపు. బంటు ఆరో వరుసకు రాగానే రూక్‌ను ఎఫ్1కి దించాను. అది అక్కడే నిలిచింది. 17 ఎత్తుల తర్వాత ప్రత్యర్థే డ్రా అడిగాడు. పింగ్ లాగ్ మాత్రం ఇంకా నడుపుతూనే ఉన్నాను.