ముఖాన్ని చివర్లో చూడండి

వాషింగ్టన్ మెట్రోలో స్మిత్‌సోనియన్ స్టేషన్‌లో దిగితే స్మిత్‌సోనియన్ సంస్థ నడిపే ఆసియా కళల మ్యూజియం నడక దూరమే, టికెట్ లేదు. న్యూ మెక్సికోలో గుర్రాలు పెంచిన రిచర్డ్ ప్రిట్జ్‌లాఫ్ సేకరణ నుంచి 85 చైనా పూర్వీకుల పటాలు 1991లో ఇక్కడికి చేరాయి. పటాలు వేసిన పట్టు వెలుతురు తగిలితే పాడవుతుంది కాబట్టి అన్నిటినీ ఒకేసారి బయట పెట్టరు. ఇప్పుడు ఏవి గోడ మీద ఉన్నాయో ముందే కనుక్కుని వెళ్లండి.

పటం ముందు నిలబడగానే నా కళ్లు ముఖం మీదికే పోయాయి. అది తప్పు. పూజకి పెట్టుకునే ఈ పటాల్లో మనిషి కదలకుండా ఎదురుగా చూస్తాడు, చేతులు చాలాసార్లు చొక్కా చేతుల్లోనే ఉండిపోతాయి. హోదా చెప్పేది బట్టలే.

చైనా చివరి రాజవంశమైన చింగ్ కాలం పటమైతే టోపీ కొనమీది గుండుతో మొదలుపెట్టాను. అధికారుల హోదాని శ్రేణుల్లో లెక్కపెట్టేవారు, ఒకటో శ్రేణి అన్నిటికంటే పైది. కెంపు ఒకటో శ్రేణి, పగడం రెండు, నీలం మూడు, లాజవర్దం (వెలుగు దూరని ముదురు నీలి రాయి) నాలుగు, స్ఫటికం అయిదు, తెల్లరాయి ఆరు; ఆపైన బంగారు గుండ్లే. రాళ్లకి బదులు గాజు వాడినా లెక్క అదే: ప్రతి రంగులోనూ వెలుగు దూరేది పైశ్రేణి, దూరనిది కిందిది. చిక్కంతా ఇక్కడే వస్తుంది. పాతబడిన రంగులో కెంపూ పగడమూ ఒకేలా కనిపిస్తాయి.

అందుకే చూపు ఛాతీ మీద కుట్టిన బొమ్మల గుడ్డ చతురస్రానికి దించాలి. 1391లో, చింగ్‌కి ముందు ఏలిన మింగ్ పాలకులు దీన్ని నియమంగా పెట్టారు: పౌర అధికారులకి పక్షులు, సైనికులకి మృగాలు. చింగ్ పౌర అధికారుల్లో ఒకటో శ్రేణికి కొంగ, మూడుకి నెమలి, ఎనిమిదికి కౌజు. సైనికుల్లో రెండుకి సింహం, నాలుగుకి పులి. చింగ్ పైకోటు ముందువైపు తెరుచుకుంటుంది, కాబట్టి ముందరి చతురస్రం రెండు ముక్కలు, పక్షి నడిమధ్య నిలువునా అతుకు. కొన్ని చివరి కాలపు చతురస్రాల్లో పక్షిని విడిగా కుట్టేవారు. పదోన్నతి వస్తే పక్షిని మారిస్తే సరి, కోటు పాతదే!

మెడలో 108 పూసల దండ ఉంటే పౌర అధికారి చాలావరకు అయిదో శ్రేణికి తగ్గడు. బౌద్ధ జపమాలే దీనికి మూలం, మన లెక్కా అదే కదా. పక్కన వేలాడే పదేసి పూసల మూడు చిన్న సరాల్లో మగవాళ్లకి రెండు ఎడమవైపు, ఆడవాళ్లకి రెండు కుడివైపు. ఎడమ కుడి అంటే పటంలోని మనిషివి, మనవి కావు. నేను మొదట తలకిందులుగా లెక్కపెట్టాను.

గుండూ పక్షీ ఒకే శ్రేణి చెప్పినా ఆ మనిషి నిజంగా ఆ పదవి చేశాడని కాదు. కొడుకు పెద్ద ఉద్యోగి అయితే తల్లిదండ్రులకి మరణానంతరం బిరుదు దొరికేది. ఏ పదవీ చేయని తండ్రి కూడా కొంగతో కూర్చోవచ్చు. డబ్బిచ్చి హోదా కొన్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి బట్టల్ని బట్టి ఉద్యోగ చరిత్ర రాయకండి.

అతుకు గాజు పలక వెనక సరిగ్గా కనపడదు. స్మిత్‌సోనియన్ నెట్‌లో ఉచితంగా పెట్టిన పెద్ద ఫోటోల్ని ఇంటికొచ్చి జూమ్ చేస్తే పక్షి మెడ దగ్గర గీత దొరుకుతుంది.