మారుపలికిన రాముడు: పుష్యమాసంలో నేను వింటున్న కీర్తనలు

"కమలాక్షు నర్చించు కరములు కరములు, శ్రీనాథు వర్ణించు జిహ్వ జిహ్వ" అని మొదలయ్యే పోతన సీసపద్యం తెలుగు బడిలో చదువుకున్న చాలామందికి ఇప్పటికీ నోటికి వస్తుంది. ప్రహ్లాదుడు తండ్రితో చెప్పే మాటలవి. చేతులు, నాలుక, చూపులు, శిరస్సు, ఇలా ఒక్కొక్క అవయవాన్నీ స్వామికి అప్పగిస్తూ వచ్చి, "విష్ణు నాకర్ణించు వీనులు వీనులు" అంటాడు. విష్ణువును గురించి వినే చెవులే చెవులని. ఈ పద్యాన్ని పాడేటప్పుడు ఆ పాదం దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు. పూజ చేసే చేతులు కంటికి కనబడతాయి, కీర్తించే నాలుక చెవికి వినబడుతుంది. వింటున్న చెవి మాత్రం పక్కవారికి తెలియదు. అందుకే కాబోలు, వినడం కూడా భక్తేనని మనం సులువుగా మరచిపోతాం.

"శ్రవణం కీర్తనం విష్ణోః" అన్న భాగవత శ్లోకంలో తొమ్మిది భక్తిమార్గాల్లో మొదటిది శ్రవణమే. దానికి పెద్దలు చూపే ఉదాహరణ పరీక్షిన్మహారాజు. ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకు ప్రాణం పోతుందని తెలిసినవాడు గంగ ఒడ్డున ప్రాయోపవేశానికి కూర్చున్నాడు. శుకమహర్షి చెబుతుంటే విన్నాడు, సందేహం వస్తే అడిగాడు, మళ్ళీ విన్నాడు. ఆ ఏడు రోజుల్లో ఆయన ఏ యాగమూ తలపెట్టలేదు, ఏ తీర్థానికీ బయలుదేరలేదు. చెవుల ద్వారానే తరించాడు.

పాట రాని నావంటివారికి ఇంతకన్న ధైర్యం ఏం కావాలి? పుష్యమాసం వచ్చిందంటే త్యాగరాజస్వామి కీర్తనలు వినడమే నా వ్రతం. ఆయన సమాధి పొందింది 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు. తిరువయ్యారులో కావేరి ఒడ్డున ఆ రోజు జరిగే ఆరాధన లోకప్రసిద్ధం. పంచరత్నాలని పేరున్న ఆయన ఐదు కీర్తనలను అందరూ కలిసి పాడే గోష్ఠిని అందరూ వింటారు, నేనూ వింటాను. అయితే ఈసారి పంచమికి ముందు రోజుల్లో నా చెవుల్లో ఉన్నవి వేరే నాలుగు కీర్తనలు. ఒకదాని తరువాత ఒకటిగా వింటే అవి ఒకే సంభాషణ అనిపిస్తుంది. ఏ రికార్డులు వింటున్నానో, ఎందుకు వింటున్నానో చెబుతాను.

మొదటిది శ్రీరంజని రాగంలో "మారుబల్కకున్నావేమిరా మా మనోరమణ". సెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ గారు పాడినది. ఆయన 1908లో పుట్టి 2003 దాకా జీవించారు, ముసలితనంలోనూ కచేరీలు చేశారు. ఆయన గొంతు నున్నటిది కాదు, అందులో ఒక జీర ఉంటుంది. ఈ కీర్తనకు ఆ జీరే అందమని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఇది బతిమాలిక కాదు, నిలదీత. నాకు బదులు చెప్పవేమయ్యా అని అడిగి, ఊరుకోకుండా "జార చోర భజన జేసితినా సాకేత సదన" అంటాడు త్యాగరాజు. నేనేమైనా జారులనూ చోరులనూ కొలిచానా, నా మాటకు ఎందుకు బదులివ్వవు? చరణంలో స్వరం మారుతుంది. దూరంగా ఉన్నవాడివే నా హృదయకమలంలోనూ ఉన్నావని తెలిసి సంతోషించాను కదా అంటాడు. అంత దగ్గర ఉన్నవాడు ఇంత మౌనంగా ఉండటమే ఆయనకు భరించరానిది. దేవుడు లేడన్న అనుమానం ఈ కీర్తనలో ఎక్కడా కనిపించదు. ఉన్నాడని తెలిసినవాడి కోపం ఇది.

రెండవది అందరికీ తెలిసిన "నగుమోము గనలేని", ఆభేరిలో. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గారి గొంతులో ఈ కీర్తనకు పెద్ద పేరు వచ్చింది. నేను వింటున్నది మాత్రం మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది. ఆయన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు. పంతులు గారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి శిష్యులు, శాస్త్రి గారు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారి శిష్యులు, వెంకటసుబ్బయ్య గారు సాక్షాత్తూ త్యాగరాజస్వామి శిష్యులు. కావేరి ఒడ్డు నుంచి కృష్ణా గోదావరుల మధ్యకు ఆ పాట నడిచి వచ్చిన దారి ఇది. ఈ పేర్లు మనసులో ఒకసారి చెప్పుకుని రికార్డు పెడితే అది సంధ్యావందనంలో ప్రవర చెప్పుకున్నట్టే ఉంటుంది.

బాలమురళి గారి పాటలో తెలుగుమాట తెలుగుమాటగా వినబడుతుంది. "ఖగరాజు నీ యానతి విని వేగ చనలేడో, గగనానికిలకు బహుదూరమనినాడో" అన్న చరణం వినండి. స్వామి రాకపోవడానికి కారణాలు వెతుకుతున్నాడు భక్తుడు. నీ ఆజ్ఞ విన్నా గరుత్మంతుడు వేగంగా రాలేకపోయాడా? ఆకాశం నుంచి భూమికి చాలా దూరమని చెప్పాడా? తప్పు రాముడిది కాకుండా చేయాలని ఆయన తాపత్రయం. మొదటి కీర్తనలో నిలదీసినవాడే ఇక్కడ స్వామి పక్షాన సాకులు వెతుకుతున్నాడు. ప్రేమ ఉన్నచోట ఈ రెండూ జరుగుతాయి. ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకోసం గుమ్మంలో ఎదురుచూస్తూ తిట్టడమూ వాళ్ళే, బస్సు ఆలస్యమైందేమో అనడమూ వాళ్ళే.

ఇక మూడవది. ఈ మాసమంతా నేను ఎక్కువగా వింటున్నది, మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి వింటున్నది ఇదే. సహానా రాగంలో "గిరిపై నెలకొన్న రాముని గురి తప్పక గంటి". ఎం.డి. రామనాథన్ గారి కచేరీ రికార్డు.

ఆయన పాలఘాటు ప్రాంతం వారు. మద్రాసులోని కలాక్షేత్రం అనే కళాశాలలో టైగర్ వరదాచారి గారి దగ్గర నేర్చుకుని అక్కడే బోధించారు. 1984లో కాలం చేశారు. శ్రుతి బాగా కిందికి పెట్టుకుని, అందరికన్నా నెమ్మదిగా పాడటం ఆయన పద్ధతి. మొదటిసారి విన్నవారికి ఇంకా మొదలుపెట్టలేదేమో అనిపిస్తుంది. కానీ సహానా తొందరపడే రాగం కాదు. హరికాంభోజి రాగం నుంచి పుట్టినది, తిన్నగా ఎక్కదు, తిన్నగా దిగదు. ఒక స్వరం ముందుకు వేసి, వెనుదిరిగి చూసి, మళ్ళీ కదులుతుంది. "గంటి" అన్నమాట చెప్పడానికి ఒక జీవితకాలం పట్టినవాడి పాట ఇది. దాన్ని పరుగులో పాడితే ఎలా?

మన తెలుగువారికి ఒక ఫిర్యాదు ఉంది. తమిళ, మలయాళ సీమల గాయకులు తెలుగు పదాలను విరిచేస్తారని, ఒత్తులు మింగేస్తారని. అది నిజమైన ఫిర్యాదే. నాకూ చెవి గుచ్చుకుంటుంది. అయినా ఆ మాటతో రికార్డు ఆపేయడాన్ని నేను ఒప్పుకోను. తెలుగునాట కాకర్ల గ్రామం నుంచి తరలివెళ్ళిన వంశంలో పుట్టిన ఒక తెలుగువాడి పాటను తమ ప్రాణంగా చేసుకుని, తరతరాలు గురుముఖంగా నేర్చుకుని, మనకు దక్కించినవారు వాళ్ళు. కావేరి ఒడ్డున ఆ సమాధికి ఆలయం కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ గారు తన నగలను, ఆస్తిని అందుకు ధారపోశారు. అక్కడ ఆడవారిని పాడనివ్వని రోజుల్లో వారిని కూడగట్టి పాడించారు. 1952లో ఆమె వెళ్ళిపోయాక ఆమె సమాధి కూడా స్వామి సన్నిధికి దగ్గరలోనే కట్టారు. ఇంతమంది మోసుకొచ్చిన పాట ముందు కూర్చున్నప్పుడు సాహిత్యం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, విరిగిన పదాన్ని మన మనసులో మనమే అతికించుకోవచ్చు.

ఆ సాహిత్యం ఏమంటుంది? పల్లవిలో కొండపై కొలువున్న రాముణ్ణి గురి తప్పకుండా చూశానంటాడు. ఆ కొండ ఏదన్న మాట అటుంచితే, తెలుగువాడిని కనుక నాకు భద్రగిరే కళ్ళముందు నిలుస్తుంది. అనుపల్లవిలో పరివారమంతా చుట్టూ నిలబడి పూల విసనకర్రలతో విసురుతూ, కొసరుతూ సేవిస్తున్నారు. ఇక చరణం:

"పులకాంకితుడై యానందాశ్రువుల నింపుచు మాటలాడవలెనని
కలువరించ గని పది పూటలపై గాచెదనను త్యాగరాజ వినుతుని"

ఒళ్ళు పులకరించింది. కళ్ళు నీళ్ళతో నిండాయి. మాట్లాడాలని ఉంది, మాట పెగలటం లేదు, కలవరిస్తున్నాడు. అది చూసి రాముడే పలికాడు. పది పూటల తరువాత నిన్ను కాపాడతానన్నాడు.

నన్ను ఈ కీర్తన దగ్గర కట్టిపడేసింది ఇదే. త్యాగరాజస్వామి జీవితమంతా రాముడితో మాట్లాడుతూనే ఉన్నాడు. అడిగాడు, అలిగాడు, నిందించాడు, లాలించాడు, హెచ్చరికగా రారా అని దారి చూపాడు, ఉయ్యాల ఊపాడు. వందల కీర్తనల్లో మాట ఆయనది, మౌనం రాముడిది. ఇక్కడ అది తారుమారైంది. వాగ్గేయకారుడి నోట మాట రాలేదు, ఇంతకాలం మౌనంగా ఉన్నవాడు పలికాడు. "మారుబల్కకున్నావేమిరా" అన్న ప్రశ్నకు బదులు దొరికిన క్షణంలో త్యాగరాజు చేసిన పని ఒక్కటే. విన్నాడు. కీర్తన భక్తికి శిఖరం వంటివాడు చివరికి శ్రవణం దగ్గరికి వచ్చాడు. ఏడు రోజుల గడువు తెలిసి విన్న పరీక్షిత్తు పక్కన, పది పూటల గడువు విన్న త్యాగరాజు నాకు కనిపిస్తాడు. పరీక్షిత్తుకు ఆ గడువు శాపంగా వచ్చింది, త్యాగరాజుకు వరంగా వచ్చింది. వినేవాడి తీరు మాత్రం ఇద్దరిలోనూ ఒక్కటే.

ఈ దర్శనం తరువాత ఆయన శిష్యులకు విషయం చెప్పి, సన్న్యాసం స్వీకరించి, పంచమినాడు దేహం విడిచాడని సంప్రదాయం.

ఫోనులో పాట వినడం భక్తి ఎలా అవుతుందని అడిగేవారున్నారు. వంట చేస్తూ, లెక్కలు రాస్తూ వెనక ఎక్కడో మోగుతుంటే అది ఇంటికి మంచిదే, కాదనను. కానీ శ్రవణం వేరు. దీపం పెట్టి కూర్చుని, ఒకే కీర్తన, మొదటి నుంచి చివరిదాకా, మరో పని లేకుండా వినాలి. పారాయణ చేసేవారు అదే గ్రంథాన్ని మళ్ళీ మొదలుపెట్టినట్టు మరునాడు అదే రికార్డు వినాలి. రికార్డు మారదు కనుక మారేది మన చెవే అని తెలుస్తుంది. "కొసరుచు" అన్న మాట నిన్న వినబడనిది ఇవాళ వినబడుతుంది. మృదంగం ఎక్కడ తగ్గి చోటిచ్చిందో తెలుస్తుంది. మాటలు లేని వాద్యమైతే ఇది ఇంకా లోతుగా జరుగుతుంది. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో జీవితం గడిపిన షేక్ చినమౌలానా గారి నాగస్వరం పెట్టుకుంటే సాహిత్యాన్ని మన లోపలినుంచే అందించుకోవాలి. ఆయన నమాజు చేసే ముస్లిం, రంగనాథుడి భక్తుడు. ఆ నాదం విన్నవారికి ఈ రెండింటి మధ్య అడ్డుగోడ కనబడదు.

నాలుగవ కీర్తన మనోహరి రాగంలో "పరితాపము గని యాడిన పలుకుల మరచితివో". దీనికి ఫలానావారి రికార్డే వినాలని పట్టుబట్టను. సాహిత్యం స్పష్టంగా పలికిన గాయకులెవరైనా సరే. సరయూనది మధ్యలో బంగారు ఓడలో సీతమ్మతో వెలుగుతూ, నా బాధ చూసి, పది పూటల మీద కరుణిస్తానని చెప్పావే, ఆ మాట మరచిపోయావా అని ఇందులో అడుగుతాడు.

పంచమినాడు ఈ నాలుగూ వినాలనుకునేవారికి ఒక మాట. "గిరిపై"తో ముగిస్తే బాగుంటుందని, దర్శనం దగ్గర ఆగితే మనసు నిండుతుందని కొందరు మిత్రులు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మనోహరి కీర్తననే చివర ఉంచండి. దర్శనమైంది, మాట విన్నాడు, గడువు కూడా తెలిసింది. అయినా మరచిపోయావేమోనని మళ్ళీ అడిగాడు. పది పూటలు కూడా ఆగలేకపోయాడు. అంతటి భక్తుడు ఆ ఆదుర్దాను దాచుకోలేదు, కీర్తనగా మనకు వదిలి వెళ్ళాడు. ఆయన వదిలినదాన్ని మనం పక్కన పెట్టకూడదు.